పటం మీది గీతకు జవాబుదారీ

(నగర పరిశోధన పత్రిక సంపాదక బాధ్యతలు స్వీకరించిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సంపాదకవర్గ సభ్యులకు, ఈ పత్రికకు వ్యాసాలు రాసి, ఇతరుల వ్యాసాలను ఓపికగా సమీక్షించి దీన్ని నిలబెట్టిన పరిశోధక మిత్రులకు నమస్కారం.

నాకు ముందు ఈ బాధ్యత నిర్వహించినవారు పత్రికను ఒక పద్ధతిలో నడిపారు. వచ్చిన ప్రతి వ్యాసాన్ని పూర్తిగా చదివిన తరువాతే నిర్ణయం చెప్పారు, తిరస్కరించినప్పుడు కారణం రాశారు. ఆ రెండు అలవాట్లూ కొనసాగుతాయని ముందుగా మాట ఇస్తున్నాను. ఈ పూట మీ సమయం తీసుకుంటున్నది మాత్రం మరొక విషయం కోసం. ఇకపై ఈ పత్రికకు వచ్చే ప్రతి వ్యాసాన్నీ మొదట ఒక ప్రశ్న అడుగుతాము. మీరు నగరం అని పిలుస్తున్నది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది, ఆ హద్దును ఎవరు గీశారు, దాన్ని కొంచెం ఇటో అటో జరిపితే మీరు చెప్పిన ఫలితం నిలుస్తుందా?

పద్ధతుల విభాగంలో రెండు వాక్యాలతో తేలిపోయే సాంకేతిక ప్రశ్నగా ఇది కొందరికి తోచవచ్చు. నేను అలా అనుకోవడం లేదు. మన రంగంలో నమ్మకంగా చెప్పుకుంటూ వచ్చిన సంగతులు ఎన్నో ఈ ప్రశ్న ముందు తడబడ్డాయి, తడబడిన ప్రతిసారీ మన అవగాహన పెరిగింది.

మనందరం వాడే అంకెతోనే మొదలుపెడతాను. ఐక్యరాజ్యసమితి 2018 అంచనాల ప్రకారం ప్రపంచ జనాభాలో 55 శాతం పట్టణ ప్రాంతాల్లో ఉంది, 1950లో ఆ వాటా 30 శాతం, 2050 నాటికి అది 68 శాతానికి చేరవచ్చు. ఈ మూడింటిలో ఏదో ఒకటి తొలి పేరాలో లేకుండా మన దగ్గరికి వ్యాసం రావడం అరుదు. అయితే ఆ లెక్క ఒకే కొలబద్దతో కొలిచినది కాదు, ఒక్కొక్క దేశం తన నిర్వచనంతో ఇచ్చిన సంఖ్యలను కూడగా వచ్చినది. డెన్మార్క్‌లో 200 మంది ఒకచోట నివసిస్తే ఆ ఆవాసాన్ని పట్టణంగా లెక్కిస్తారు. జపాన్‌లో నగర హోదాకు 50,000 జనాభా ప్రమాణం. భారత జనగణనలో పురపాలక హోదా లేని ఊరు పట్టణంగా నమోదు కావాలంటే కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది సాంద్రత ఉండాలి, ప్రధానంగా పనిచేసే పురుషుల్లో 75 శాతం వ్యవసాయేతర వృత్తుల్లో ఉండాలి. ఒక దేశంలో పట్టణమైనది సరిహద్దు దాటితే పల్లె అయిపోయే ఈ అంకెలను కూడి, ఆ మొత్తం మీద మనం సిద్ధాంతాలు నిలబెడుతున్నాము.

ఈ చిక్కును తీర్చడానికి ఐరాస గణాంక సంఘం 2020 మార్చిలో దేశాల మధ్య పోలికల కోసం ఒక ఉమ్మడి పద్ధతిని ఆమోదించింది. దాని ప్రకారం భూమిని ఒక చదరపు కిలోమీటరు గడులుగా విభజిస్తారు. గడికి 1,500 మందికి తగ్గకుండా ఉండి, ఒకదానికొకటి ఆనుకొని ఉన్న గడుల్లో మొత్తం జనాభా 50,000కు చేరితే అది నగరం. గడికి 300 మంది చొప్పున 5,000కు చేరితే అది చిన్న పట్టణం లేదా మధ్యస్థ సాంద్రత ఉన్న ప్రాంతం. ఇది మంచి ముందడుగు, దీన్ని వాడే వ్యాసాలను నేను ఆహ్వానిస్తాను. అదే సమయంలో ఈ గడులు అక్కడివారు ఏ పని చేసి బతుకుతున్నారో అడగవు, ఆ చోటును ఎవరు పాలిస్తున్నారో అడగవు. ప్రభుత్వం తన దస్తావేజుల్లో పల్లె అని రాసుకున్న చోటు ఈ లెక్కలో నగరం కావచ్చు. అక్కడి ఇళ్లకు నీటి గొట్టం ఏ పద్దు కింద రావాలి, మురుగు కాలువ ఎవరు తవ్వాలి, పన్ను ఎవరికి కట్టాలి, ఓటు ఏ పాలకమండలికి వేయాలి అన్నవన్నీ దస్తావేజులోని హద్దును బట్టి తేలతాయి, గడుల లెక్కను బట్టి కాదు. అందుకని ఒక హద్దు సరైనది, మరొకటి తప్పు అని ఈ పత్రిక తీర్పు చెప్పదు. ఏ ప్రశ్నకు ఏ హద్దును ఎందుకు ఎంచుకున్నారో రచయిత చెప్పాలని మాత్రమే అడుగుతుంది.

హద్దు మారితే ఫలితం మారుతుందనడానికి మన కాలంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2007లో లూయీస్ బెటెన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్, వారి సహచరులు వెలువరించిన వ్యాసం నగరాల పరిమాణానికీ వాటి ఉత్పత్తికీ మధ్య ఒక గణిత సంబంధాన్ని చూపింది. నగర జనాభా రెట్టింపైతే వేతనాలు, పేటెంట్ల వంటివి రెట్టింపును మించి పెరుగుతాయనీ, రోడ్లు, కేబుళ్ల వంటి వసతులు రెట్టింపు కన్నా తక్కువతోనే సరిపోతాయనీ వారు చెప్పారు. ఆ ఫలితం ఎంతోమందిని ఆకట్టుకుంది, ప్రణాళికా సంస్థల నివేదికల్లోకీ ఎక్కింది. తరువాత 2015లో ఎల్సా ఆర్కౌటే, ఆమె సహచరులు ఇంగ్లండ్, వేల్స్ నగరాలను ఒకే హద్దుతో కాకుండా, సాంద్రతనూ రాకపోకలనూ బట్టి వేర్వేరు విధాలుగా మళ్లీ మళ్లీ గీసి అదే లెక్క వేసి చూశారు. జనాభాతో పాటు ఒక్కొక్క రాశి ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే ఘాతాంకాలు నిలకడగా నిలవలేదు. పరిమాణంతో పాటు విపరీతంగా పెరుగుతాయని అనుకున్న కొన్ని రాశులు చాలా హద్దుల కింద జనాభాకు అనుపాతంగానే పెరుగుతున్నట్లు కనిపించాయి. రెండో వ్యాసం మొదటిదాన్ని కొట్టిపారేసిందని నేను అనడం లేదు. ఏ దేశంలో, ఏ హద్దు కింద ఆ సూత్రం వర్తిస్తుందన్న ప్రశ్నను అది లేవనెత్తింది, మొదటి వ్యాసాన్ని ఇంకా జాగ్రత్తగా చదివేలా చేసింది. ఇలాంటి రెండో వ్యాసాలకు ఈ పత్రికలో ఎప్పుడూ చోటుంటుంది. వేరొకరు తేల్చిన దాన్ని మళ్లీ పరీక్షించిన పనిని కొత్తదనం లేదన్న కారణంతో వెనక్కి పంపడం ఇక జరగదు.

ఈ సమస్య వయస్సు చిన్నదేమీ కాదు. 1950లో విలియం రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు అమెరికా 1930 జనగణనను తీసుకొని ఒక చిన్న లెక్క చేశాడు. విదేశాల్లో పుట్టినవారి వాటాకూ నిరక్షరాస్యతకూ మధ్య సంబంధాన్ని రాష్ట్రాల స్థాయిలో చూస్తే రెండు రాశులు ఎంతగా కలిసి మారతాయో చెప్పే సహసంబంధ గుణకం మైనస్ 0.53 వచ్చింది. అంటే వలసవచ్చినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో చదువురానివారు తక్కువ. ఆ పట్టికను మాత్రమే చూసినవారు వలసవచ్చినవారు మిగతావారి కన్నా ఎక్కువ చదువుకున్నవారని తేల్చేస్తారు. అదే జనగణనలో మనుషులను విడివిడిగా తీసుకొని చూస్తే గుణకం ప్లస్ 0.12, గుర్తే తలకిందులైంది. కారణం కష్టమైనదేమీ కాదు. వలసవచ్చినవారు స్థానికుల్లో అక్షరాస్యత ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో స్థిరపడ్డారు, రాష్ట్రాల సగటులో ఆ స్థానికుల చదువే కనబడింది. పేటల సగటు ఆదాయాన్ని చూసి ఆ పేటలోని మనుషుల గురించి తీర్పు చెప్పే వ్యాసాలు ఇప్పటికీ వస్తున్నాయి కనుక ఈ పాత లెక్కను ఇంత వివరంగా చెప్పాను. సమీక్షకులారా, అటువంటి వాక్యం కంటపడితే దాన్ని వదిలిపెట్టవద్దని కోరుతున్నాను.

మన సంపాదక బల్ల మీదికి తరచూ వచ్చే పటం ఎలా ఉంటుందో మీకు తెలుసు. మున్సిపల్ వార్డులను జనసాంద్రతను బట్టి లేతరంగు నుంచి ముదురురంగు దాకా నింపి ఉంటుంది. అందులో ఒక పెద్ద వార్డు లేతగా కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే, ఆ వార్డులో ముప్పావు భాగం విమానాశ్రయం రన్‌వే, దాని చుట్టూ ఖాళీగా ఉంచిన భూమి. జనమంతా ఒక అంచున, ప్రహరీగోడకూ పెద్ద కాలువకూ మధ్య ఒత్తుకొని ఉంటారు, నగరంలోకెల్లా ఇరుకైన ఇళ్లు అవే కావచ్చు. పటం మాత్రం వారున్న చోటును విశాలమైన, పలచటి పేటగా చూపిస్తుంది. కొత్త ఆసుపత్రి ఎక్కడ కట్టాలో నిర్ణయించే అధికారి ఆ పటాన్ని చూస్తే ఆ లేతరంగు మీద చూపు నిలపడు. వార్డు మొత్తం విస్తీర్ణంతో కాకుండా ఇళ్లున్న నేలతో జనాభాను భాగిస్తే అదే చోటు ముదురురంగులోకి వస్తుంది. ఇకపై సాంద్రత పటంతో వచ్చే ప్రతి వ్యాసమూ దేన్ని దేనితో భాగించిందో పటం కిందనే రాయాలి. అనుబంధంలో రాస్తే చాలదు, పటాన్ని చూసేవారిలో ఎక్కువమంది అనుబంధం తెరవరు.

హద్దుల గురించి మాట్లాడేటప్పుడు నగరాల పేర్ల గురించీ మాట్లాడాలి. 1925లో అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ బర్జెస్ నగర విస్తరణను ఒకదాని చుట్టూ ఒకటిగా ఐదు వలయాలతో చూపించిన చిత్రం మన విద్యార్థులందరూ చదివేదే. అది ఏ నగరమైనా పెరిగే తీరుకు నమూనా అని ఆయన రాశాడు. కానీ ఆ సాధారణ చిత్రం నడిమధ్య వలయానికి రాసిన పేరు ‘లూప్’. అది షికాగో నగర వ్యాపార కేంద్రం పేరు. తూర్పున సరస్సు ఉండటం వల్ల షికాగోలోనే ఆ వలయాలు పూర్తిగా తిరగవు. బర్జెస్ తన వ్యాసానికి పెట్టుకున్న ఉపశీర్షిక మాత్రం వినయంగా ఉంది: ఒక పరిశోధన ప్రాజెక్టుకు పరిచయం అని. ఆ వినయాన్ని పాఠ్యపుస్తకాలు కాపాడలేదు. 1939లో హోమర్ హోయ్ట్ నగరం రవాణా మార్గాల వెంట చీలికలుగా పెరుగుతుందనీ, 1945లో హ్యారిస్, ఉల్మన్ నగరానికి ఒకటి కన్నా ఎక్కువ కేంద్రాలుంటాయనీ చూపిన తరువాత కూడా, ఎన్నో దేశాల తరగతి గదుల్లో తమ ఊరిలో ఆ ఐదు వలయాలను వెతకమనడం ఆగలేదు.

ఈ అలవాటు ఇప్పటి వ్యాసాల శీర్షికల్లో కూడా కనిపిస్తుంది. సంపన్న దేశాల నగరాల మీద రాసిన వ్యాసం నగరం పేరు లేకుండానే గృహవసతి గురించో రవాణా గురించో సిద్ధాంతంగా వస్తుంది. మిగతా ప్రపంచపు నగరం మీద రాసినది మాత్రం ఫలానా చోట ఒక పరిశీలన అన్న తోకతో వస్తుంది. సామాజిక శాస్త్ర వ్యాసాల శీర్షికలను లక్షల సంఖ్యలో పరిశీలించి 2022లో వెలువరించిన ఒక అధ్యయనం ఈ తేడా నిజమేనని చూపింది. ఇది మర్యాదకు సంబంధించిన విషయంగా మాత్రమే చూడకండి. పేరు లేని శీర్షిక ఫలితానికి లేని విస్తృతిని ఇస్తుంది, పేరున్న శీర్షిక ఉన్న విస్తృతిని కూడా తగ్గిస్తుంది. అందువల్ల వచ్చే సంచిక నుంచి నియమం అందరికీ ఒకటే: పరిశీలించిన నగరం పేరు శీర్షికలోనో సంగ్రహంలోని మొదటి వాక్యంలోనో ఉండాలి. అది లండన్ అయినా సరే, ప్రపంచ పటంలో వెతుక్కోవలసిన చిన్న పట్టణం అయినా సరే. చిన్న పట్టణం అన్నాను కనుక ఇంకొక మాట. ప్రపంచ పట్టణ జనాభాలో దాదాపు సగం ఐదు లక్షల లోపు జనాభా ఉన్న ఆవాసాల్లోనే ఉందనీ, కోటి దాటిన మహానగరాల్లో ఉన్నది ఎనిమిదింట ఒక వంతేననీ అదే 2018 ఐరాస అంచనాలు చెబుతున్నాయి. మన రంగం రాతలు ఆ ఎనిమిదో వంతు చుట్టూనే తిరుగుతున్నాయి. చిన్న పట్టణాల మీద పనిచేస్తున్నవారిని ఈ పత్రిక వెతుక్కుంటూ వెళుతుంది.

షికాగో పేరు వచ్చింది కనుక, అదే నగరంలో బర్జెస్‌కు ముప్ఫై ఏళ్ల ముందు జరిగిన పనిని గుర్తు చేస్తాను. 1895లో హల్ హౌస్ అనే సేవాకేంద్రంలో నివసించిన మహిళలు తమ పక్కనున్న, చదరపు మైలులో మూడో వంతు మాత్రమే ఉన్న పేటలో ఇల్లిల్లూ తిరిగి సేకరించిన సమాచారంతో, ఎవరు ఏ దేశం నుంచి వచ్చారో, వారానికి ఎంత సంపాదిస్తున్నారో రంగుల పటాలుగా ప్రచురించారు. ఆగ్నెస్ సింక్లెయిర్ హోల్‌బ్రుక్ ఆ పటాలకు వ్యాఖ్య రాస్తూ సమాచారం ఎలా సేకరించారో, రంగులు దేన్ని చూపిస్తాయో వివరించింది. లండన్‌లో చార్లెస్ బూత్ 1889 నుంచి వెలువరించిన పేదరికపు పటాలు వారికి ఆదర్శం. బూత్ సమాచారంలో పెద్ద భాగం బడి ఈడు పిల్లలున్న ఇళ్లకు వెళ్లే స్కూల్ బోర్డు ఉద్యోగుల ద్వారా వచ్చింది, పిల్లలు లేని ఇళ్ల సంగతి దాన్నిబట్టి ఊహించుకున్నది. ఆ సంగతిని ఆయన దాచలేదు. 1899లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ ఫిలడెల్ఫియా ఏడో వార్డులో నల్లజాతి కుటుంబాల గడపలు తానే ఎక్కి, ప్రశ్నావళి నింపి రాసిన అధ్యయనాన్ని వెలువరించాడు. అంత పట్టుదలతో చేసిన క్షేత్ర పరిశోధన ఆ కాలంలో మరొకటి చూపడం కష్టం. అయినా నగర సామాజిక శాస్త్రం బర్జెస్ చిత్రం వెలువడిన 1925లో మొదలైనట్లు ఎన్నో దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. హల్ హౌస్ మహిళలు సంఘసేవకులయ్యారు, డుబోయిస్ ఉద్యమకారుడయ్యాడు, వారి పరిశోధన మాత్రం పరిశోధనల జాబితాలో లేకుండా పోయింది. ఆ జాబితా ఎవరో ఒకరు తయారు చేసినదే. ఏది సమీక్షకు పంపాలి, దేన్ని ఉటంకించమని అడగాలి, ఎవరి పనిని పరిశోధనగా గుర్తించాలి అని నిర్ణయించే సంపాదకులు ఆ పనిలో పాలుపంచుకున్నవారే. ఈ కుర్చీలో కూర్చునే ముందు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి ఇదే.

ఇకపోతే హద్దును చూపడం వల్ల కీడు జరిగే సందర్భాలు కూడా ఉన్నాయి. దీని మీద మనం ఒక నిర్ణయానికి రావాలి. డేటాను అందరికీ తెరిచి ఉంచాలన్నది మంచి నియమం, నేను దానికి కట్టుబడి ఉన్నాను. కానీ పట్టాలు లేని నేలలో ఇళ్లు కట్టుకున్న కుటుంబాలతో చేసిన ఇంటర్వ్యూలను ఇంటింటి జీపీఎస్ బిందువులతో సహా దాఖలు చేస్తే, ఆ ఫైలును పరిశోధకులతో పాటు ఇళ్లు కూల్చేవారూ తెరుస్తారు. పేర్లు తీసేశామని రచయితలు అంటారు. ఆ సందులో ఏ ఇల్లో తెలిసిన తరువాత పేరుతో పని లేదు. బిందువులను కొంత దూరం జరపవచ్చు, పెద్ద గడులుగా కలపవచ్చు, అసలు డేటాను అనుమతి ఉన్నవారికే చూపే భాండాగారంలో ఉంచవచ్చు. వీటిలో ఏది ఎంచుకున్నారో, దానివల్ల ఫలితంలో ఎంత ఖచ్చితత్వం పోయిందో వ్యాసంలో చెప్పాలి. సమాచారం ఇచ్చినవారికి ఆ పటం చూపించారా, వారేమన్నారు అన్న ప్రశ్న కూడా రచయితలు నింపే పత్రంలో చేరుతుంది. పారదర్శకతకూ మనుషుల రక్షణకూ మధ్య పోటీ వస్తే ఈ పత్రిక మనుషుల పక్షాన నిలబడుతుంది.

సమీక్ష విషయంలో పెద్ద మార్పులు ప్రకటించడం లేదు. రచయిత పేరు సమీక్షకులకూ, సమీక్షకుల పేరు రచయితకూ తెలియని పద్ధతే కొనసాగుతుంది. ప్రతి వ్యాసానికీ సమీక్షకుల్లో కనీసం ఒకరు ఆ నగరాన్ని దగ్గరగా ఎరిగినవారై ఉండేలా చూస్తాము. ప్రతి వ్యాసం సంగ్రహాన్నీ ఆ నగరంలోని జనం మాట్లాడే భాషలో కూడా ప్రచురిస్తాము, ఎందుకంటే ఎవరి జీవితం గురించి రాశామో వారు దాన్ని చదివి తప్పు పట్టగలగాలి. కృత్రిమ మేధ సాధనాలను రచయితలుగా చేర్చకూడదని ప్రచురణ నైతికత సంఘమైన కోప్ 2023లో ఇచ్చిన సూచనను పాటిస్తాము. అలాంటి సాధనాన్ని దేనికి వాడారో రచయితలు రాయాలి.

పత్రిక ప్రభావానికి కొలతగా చెప్పుకునే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి కొందరు నన్ను ముందే అడిగారు. గత రెండేళ్లలో ప్రచురించిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను, అంటే ఇతర వ్యాసాల్లో వచ్చిన ఉటంకింపులను, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. ఒక పునరావాస కాలనీ నిజంగా నిలదొక్కుకుందా అన్నది తేలడానికి పదేళ్లు పడుతుంది. అటువంటి పరిశోధన విలువను రెండేళ్ల కిటికీలోంచి చూడలేము. పత్రికల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వంటి అంకెలతో పరిశోధకులను తూచవద్దని 2013లో వెలువడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటనకు నేను మనస్ఫూర్తిగా మద్దతు ఇస్తున్నాను, మన ముఖచిత్రం మీద ఆ అంకె ఇక కనిపించదు.

రచయితలకు ఇవ్వబోయే కొత్త సూచనల ముసాయిదా ప్రతులు మీ చేతుల్లో ఉన్నాయి. మొదటి పేజీలో హద్దు ప్రకటన నమూనా ఉంది. నగరం పేరు, ఎంచుకున్న హద్దు, దాన్ని గీసిన సంస్థ, అది ఏ ఏడాదిది, మరొక హద్దుతో పరీక్షించి చూశారా లేదా అన్న ఐదు వివరాలు అందులో అడిగాము. వ్యక్తులతో, కుటుంబాలతో ఇంటర్వ్యూల ద్వారా చేసే పరిశోధనకు చివరి వివరం నప్పదని ఇద్దరు సభ్యులు ఇప్పటికే రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. వారి వాదనలో బలం ఉంది, ముందుగా దాని మీదనే చర్చ మొదలుపెడదాము.